చిలకమ్మ పడే తీరు

చిలకమ్మకి దయ్యాల సినిమా పడదన్న సంగతి బర్మాలో లమ్మడా పేటలోని తెలుగు కొంపలన్నిటికీ తెలుసు. పడదని తెలిసీ సినిమాహాలు గుమ్మం మాటిమాటికీ ఎందుకు తొక్కుతుందో మాత్రం ఎవరికీ అంతుబట్టేది కాదు. ఉడకబెట్టిన వేరుశెనక్కాయల బుట్టతో హాలు వాకిట కూర్చునే మనిషి. ఇంటర్వెల్లు అయ్యాక మిగిలిన కాయలతో లోపలికి పోయి వెనక వరస దగ్గర నిలబడేది. తెరమీద సమాధి మూత కదిలేది. "అమలే!" అని బర్మావాళ్ళ మాటతో ఒక్క కేక వినపడేది. ముందు వరసలవాళ్ళు కూడా లేచి వెనక్కి తిరిగి చూస్తే, నడవాలో చిలకమ్మ పడి ఉండేది. టార్చి పట్టుకుని సీట్లు చూపించే జోగి, ఇంకెవరో ఒకరూ ఆమెను భుజాలూ కాళ్ళూ పట్టి బయటికి మోసుకుపోయేవారు. మర్నాడు హాలు నిండేది.

అది జీతానికి పడటమని ఎరిగినవాళ్ళు మొదట ముగ్గురే. చిలకమ్మ, జోగి, హాలు మేనేజరు ధర్మరాజు.

మొదటిసారి పడ్డది మాత్రం నిజంగానే. నాగులచవితి ఉపవాసం, పైన ఎండ. నీడకని లోపలికి వెళ్ళి గోడకి ఆనుకున్న మనిషికి కళ్ళు తిరిగాయి. అదే క్షణానికి తెరమీద గబ్బిలాల కోట తలుపు తెరుచుకుంది. కాకి వాలడమూ తాటిపండు పడటమూ అన్నట్టు జరిగిన సంగతి. కానీ దయ్యాన్ని చూసి ఒక కలా ఆడది పడిపోయిందని ఆ చుట్టుపక్కలంతా పొక్కింది. ఇండియా మొహాలవాళ్ళందరికీ అక్కడ అదే పేరు. మర్నాడు టిక్కెట్ల దగ్గర తోపులాట. ధర్మరాజు మీసం కింద నవ్వుకుని ఆమెను ఆఫీసుగదికి పిలిపించాడు.

"మళ్ళీ పడతావా చిలకా?"

"బాబూ, మళ్ళీ చవితి వొచ్చే ఏడు కదా!"

ఆయన నవ్వి నవ్వి దగ్గాడు. ఆ నవ్వు వెనక ఆయన గోడు ఆయనకుంది. సైన్యం గద్దెనెక్కి దేశం తలుపులు బిగించిన కాలం అది. కొత్త సినిమాలు రావడం సన్నగిల్లింది. మనవాళ్ళు మూటలు కట్టుకుని ఓడలెక్కుతున్నారు. మిగిలిపోయినవి ఎప్పటివో హాలీవుడ్డు ప్రింట్లు, నలుపూ తెలుపువి. టోపీలు కళ్ళమీదికి లాక్కున్న దొంగలు, నల్లకార్లు, వరసగా పేలే తుపాకులు. పిచ్చి డాక్టర్లు, శవపేటికలు, కొవ్వొత్తితో మెట్లెక్కే తెల్లగౌను దొరసానులు. ధర్మరాజు వాటినే తిప్పితిప్పి వేసేవాడు. ప్రింట్లు గీతలు పడి, ఏ సినిమా చూసినా వాన కురుస్తున్నట్టే ఉండేది. జనానికి కంఠతా వచ్చేశాయి. దయ్యం రాకముందే, అదిగో వస్తున్నాడు మామయ్య, అని నవ్వేవారు.

"ఫిల్ము అరిగితే అరిగింది. భయం అరిగిపోయిందే తల్లీ, అదీ నా బాధ. నువ్వు కాస్త భయపడి పెట్టు," అన్నాడు ధర్మరాజు.

భయపడి పెట్టడం అంత సులువు కాదు. రెండోసారి చిలకమ్మ బియ్యం బస్తాలాగ దబ్బున పడింది. జనం నవ్వారు. ధర్మరాజు మర్నాడు పొద్దున్నే, ఖాళీ హాల్లో, ఆమె ఒక్కత్తికోసం ఒక రీలు వేయించాడు. దొరసాని శవాన్ని చూసి పడిపోయే చోట ఆపించి, వెనక్కి తిప్పించి, మళ్ళీ వేయించాడు. "చూడు. ముందు ఎడమచెయ్యి నుదుటికి పోవాల. తర్వాత ఒంటిని సగం తిప్పాల. మోకాలు, తుంటి, భుజం, ఆ వరసలో నేలకి రావాల. కొప్పు జారాల. ఒక చెప్పు ఎగరాల. చెప్పు ఎగిరితేనే జనం నమ్ముతారు."

చిలకమ్మ బుద్ధిగా నేర్చుకుంది. నేర్చుకుంటూ ఒకనాటికి ఆ దొరసానినే మించింది. తెరమీది మనిషి పడితే పరుపుమీద పడ్డట్టుండేది. చిలకమ్మ పడితే ప్రాణం జారిపోయినట్టుండేది. చివరికి ధర్మరాజు డాక్టరు వేషం కూడా ఒకటి కల్పించాడు. హాలు నౌకర్లలోనే ఒకడు మెడలో గొట్టం వేసుకొచ్చి, వొంగి, బొటనవేలితో ఆమె కనురెప్ప ఎత్తి చూసేవాడు. అప్పుడు గుడ్డు పైకి తిప్పెయ్యాలి. తెల్లదనమే తప్ప ఏమీ కనిపించకూడదు. "అంబులెన్సు! అంబులెన్సు!" అని జోగి అరుచుకుంటూ పరుగెత్తేవాడు. వీధి మలుపు తిరిగాక, "లేవే చిలకా, నీ బరువుకి నా నడుం ఇరిగిపోతంది," అని మెట్లమీద దింపేసేవాడు.

ఇంట్లో మాత్రం నవ్వు లేదు. అత్త అప్పలనరసమ్మ కోడలికి తెల్లదయ్యం పట్టిందని తేల్చేసింది. నిమ్మకాయలు కోయించింది, వేపమండలతో వీపు వాయగొట్టించింది. "ఓలె, ఎవుర్తివే నువ్వు? ఎక్కణ్ణించొచ్చేవు? మా గుంటని ఇడిసిపెడతావా నేదా?" అని దయ్యాన్ని నిలదీసేది. చిలకమ్మ పళ్ళు బిగించి దెబ్బలు తినేది. దయ్యం పట్టిన కోడలంటే వాడంతా జాలిపడుతుంది. మగాళ్ళ మధ్య డబ్బుకి దొర్లే కోడలంటే మొహాన ఉమ్ముతుంది. ఆ సిగ్గుకంటే వేపదెబ్బలు మేలనుకుంది. అయినా మనసు మూల ఏదో గర్వం కూడా ఉండేది. లమ్మడా మొత్తానికి తనలా పడగలిగిన మనిషి లేదు కదా!

ఇదంతా కొన్నేళ్ళు సాగి ఆగిపోయింది. హాలు సర్కారు చేతికి పోయింది. దయ్యాల బొమ్మలు వద్దని పైనుంచి మాటొచ్చిందన్నారు. ధర్మరాజు ఓడెక్కాడు, జోగి మోల్మేను వైపు బతకపోయాడు. అత్త పోయింది, తర్వాత మొగుడూ పోయాడు. తన వేపమండలకే దయ్యం వదిలిందన్న తృప్తితో పోయింది అప్పలనరసమ్మ. చిలకమ్మ బుట్ట మాత్రం నెత్తిమీదనుంచి దిగలేదు.

ఎనభై ఎనిమిదో సంవత్సరం వచ్చింది. ఆ ఆగస్టులో తెలుగువాళ్ళందరూ తలుపులకి అడ్డకర్రలు వేసుకుని, మనకెందుకొచ్చిన గొడవ, అని కూర్చున్నారు. కానీ బుట్టతో బతికేవాళ్ళకి అడ్డకర్రలేం కుదురుతాయి? ఒక మధ్యాహ్నం, సైన్యం గద్దె దిగాలని అరుస్తూ వీధి వీధంతా జనం పోతుంటే చిలకమ్మ ఆ వరదలో పడి కొట్టుకుపోయింది. చదువుకునే పిల్లలు, సన్యాసులు, నర్సులు, రేవు కూలీలు. ఎవరో ఆమె బుట్టలో కాయలు కొని అక్కడికక్కడే అందరికీ పంచారు. ఎవరో మంచినీళ్ళిచ్చి, అమ్మా, తాగండి, అన్నారు. యాభై దాటిన మనిషి, అంతమంది మధ్య తలెత్తుకు నడవడం అదే మొదటిసారి. కాళ్ళు నొప్పెట్టలేదు.

తుపాకులు పేలాయి.

ముందు వరసలో జెండా పట్టుకున్న కుర్రాడు కూర్చున్నాడు. దూరం నడిచి అలిసినవాడు అరుగుమీద కూర్చున్నట్టే, రోడ్డు మధ్యన కూర్చుని, కాసేపటికి పక్కకి ఒరిగాడు. వాడి చెయ్యి నుదుటికి పోలేదు. మరొకడు వంగి లుంగీ సర్దుకుంటున్నట్టే ఉండి అలాగే ముందుకు వాలిపోయాడు. పాత సినిమాల్లో దొంగకి తూటా తగిలితే మెట్లన్నీ దొర్లి, సిగరెట్టు అడిగి, తల్లిని తలుచుకుని మరీ పోయేవాడు. ఇక్కడ ఎవరికీ అంత వ్యవధి లేదు.

అంతమందిలో చిలకమ్మ ఒక్కత్తే సినిమాలోలాగ పడింది.

కావాలని పడిందా అంటే, ఆ ప్రశ్న తర్వాతి పదేళ్ళూ ఆమె తనను తాను అడుగుతూనే ఉంది. చప్పుడు వినగానే ఒళ్ళు దానంతట అదే చేసేసింది. చెయ్యి నుదుటికి పోయింది, ఒళ్ళు సగం తిరిగింది, మోకాలు, తుంటి, భుజం. కొప్పు జారింది. చెప్పు ఎగిరింది. కేక ఒక్కటే మారింది. బర్మా కేక ఆ వేళకి నోట రాక, "ఓలమ్మో!" అని సొంత కేక వచ్చింది.

ఆ కేకే కొంప ముంచింది. సందులోకి దూరిపోబోతున్న ఒక అమ్మాయి ఆ మాట విని ఆగింది. వెనక్కి పరుగెత్తుకొచ్చి ఆమె పక్కన కూలబడి, మెడ కింద చెయ్యి పెట్టింది. "పిన్నీ! మన తెలుగోళ్ళేనా? ఎక్కడ తగిలింది? కళ్ళు తెరవండి, పిన్నీ!" అంటూ బొటనవేలితో కనురెప్ప ఎత్తింది. ఆ ఎత్తిన తీరులోనే తెలిసిపోయింది, వైద్యం చదివే పిల్ల అని.

చిలకమ్మ గుడ్డు పైకి తిప్పేసింది.

ఇది మాత్రం ఒళ్ళు చేసింది కాదు. చిలకమ్మే చేసింది. బూట్ల చప్పుడు దగ్గరపడుతోంది. కళ్ళు తెరిస్తే బతికుందని తెలుస్తుంది, బతికుందని తెలిస్తే కాలుస్తారు. చచ్చినదాన్ని ఎవరూ కాల్చరు. ఆ పిల్ల చంకల కింద చేతులు వేసి సందుదాకా ఈడ్చాలని చూసింది. సన్నపాటి పిల్ల, చాలలేదు. వదిలి పరుగెత్తితే సందు పదడుగులు. వదల్లేదు. అంతలో సిపాయిలు వచ్చిపడ్డారు. ఎముకమీద కర్ర పడ్డ చప్పుడు. ఆ పిల్ల కేక. ఆ కేకల మధ్యన కూడా బర్మాలో ఒకే మాట: "ఈవిడ బతికుంది, ఈవిణ్ణి ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి." లారీ తలుపు మూసుకున్నదాకా అదే మాట.

చిలకమ్మ రెప్ప వణకలేదు. అంత బాగా ఎప్పుడూ పడి ఉండలేదు.

చీకటి పడుతుండగా లేచి, ఒంటి చెప్పుతో ఇల్లు చేరింది.

ఆ అమ్మాయి పేరు తార అని నాలుగేళ్ళ తర్వాత తెలిసింది. జైలునుంచి వచ్చిన కొత్తలో ఆ పిల్ల లమ్మడా వీధులన్నీ తిరిగింది. ఫలానా రోజు రోడ్డుమీద పోయిన తెలుగామె ఎవరు, వాళ్ళవాళ్ళు ఎక్కడుంటారు, ఒక్కసారి కనపడి చెప్పాలి, అని అడుగుతూ హాలు వాకిటికి వచ్చింది. బుట్ట ముందు కూర్చున్న మనిషిని చూసి కొయ్యబారిపోయింది. తర్వాత రోడ్డుమీదే వాటేసుకుని ఏడ్చింది. "బతికున్నారా పిన్నీ! బతికే ఉన్నారా!"

"బయానికి తెలివి తప్పిపోనాది తల్లీ," అంది చిలకమ్మ. "ఏటైందో నాకేటీ గురుతు నేదు."

ఆ మాట నోటినుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

తార కుడిచేతి వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు. కాలేజీలోకి మళ్ళీ రానివ్వలేదు. సంచౌంగ్ పేటలో తల్లితో ఉంటూ చిన్నపిల్లలకి లెక్కలు చెప్పుకుంటోంది. అయినా ఆ మొహంలో ఒక వెలుగుండేది, ఆ వెలుగు చూడటమే చిలకమ్మకి కష్టం. "అంతా పోయింది పిన్నీ. చదువూ పోయింది, చెయ్యీ పోయింది. మీరు దక్కారు. ఎవరైనా ఏం సాధించావని అడిగితే, ఒక మనిషిని వదిలి పరుగెత్తలేదు అని చెప్పుకుంటాను. నాకది చాలు," అంది ఒకసారి.

దీపాల పండుగకి పెద్దవాళ్ళ ముందు మోకాళ్ళమీద కూర్చుని మొక్కడం బర్మావాళ్ళ ఆచారం. తార అరటిపళ్ళ గెల, కొబ్బరికాయ పట్టుకుని ఏటా వచ్చేది. ఆ వంకరవేళ్ళు కలిపి, నేలకి తల ఆనించి మొక్కేది. చిలకమ్మ దీవించాలి. "సల్లగుండు తల్లీ," అనేది గోడవైపు చూస్తూ. ఆ పళ్ళు ఆమె ఏనాడూ నోట పెట్టలేదు. మెట్లకింద కుక్కలకి కూడా పెట్టలేక సన్యాసుల భిక్షలో వేసేది. నిజం చెప్పేద్దామని నాలుకదాకా వచ్చేది. చెబితే తన పరువు పోతుంది. అది పోతే పోనీ, పల్లీలమ్ముకునేదాని పరువెంత? కానీ ఆ పిల్లకి మిగిలిందల్లా ఆ ఒక్కటే కదా! దాన్ని తన చేత్తో ఎలా లాగేస్తుంది? అలా అనుకుని నోరు మూసుకునేది. నోరు మూసుకున్నాక, ఇది ఆ పిల్లకోసమా, నీకోసమా, అని లోపలినుంచి ఎవరో వేపమండలతో అడిగేవారు.

పక్కవాటా కూర్మనాథం తన కూతురి పెళ్ళికి వీధిలో పందిరి వేయించాడు. పెళ్ళి ముందురోజు సాయంత్రం, పొట్టి పొట్టి స్టూళ్ళమీద జనం, టీలు, పకోడీలు. తార కూడా వచ్చింది, పెళ్ళికూతురికి ఒకప్పుడు లెక్కలు చెప్పిన చనువుకొద్దీ. చిలకమ్మ పకోడీల పళ్ళెం తిప్పుతూ ఉంది. అప్పుడే మోల్మేనునుంచి బస్సు దిగి వచ్చాడు జోగి. జుట్టంతా నెరిసింది, నోట్లో పళ్ళు సగం లేవు, గొంతు మాత్రం హాల్లోదే.

"ఏటే చిలకా! ఇంకా పడతన్నావా, మానేసినావా?"

చిలకమ్మ పకోడీల పళ్ళెం అతని ముందుకి తోసింది. "ఊరుకో జోగీ."

"ఏటి ఊరుకునేది? ఓర్నీ, మీకెవులికీ తెల్దా?" జోగి స్టూలు ముందుకి లాక్కున్నాడు. ఇక చెప్పడం మొదలెట్టాడు. ధర్మరాజుబాబు, అరిగిపోయిన ఇంగ్లీషు దయ్యాలు, రీలు వెనక్కి తిప్పి నేర్పిన పాఠం, అంబులెన్సు కేకలు. జనం స్టూళ్ళమీదనుంచి జారిపడేలా నవ్వారు.

"అయితే అప్పలనరసమ్మత్త కొట్టిన దయ్యం?" అన్నాడు కూర్మనాథం కళ్ళు తుడుచుకుంటూ.

"దయ్యమేటి, దాని బొంద! మా మేనేజరు నేర్పిన ఇద్దె బాబూ అది!"

"ముసిల్ది అనవసరంగా ఎన్ని వేపచెట్లు బోడి చేసిందిరా!"

తార కూడా నవ్వుతోంది. "పిన్నీ, ఇన్నేళ్ళలో నాకొక్క మాట చెప్పలేదేం? ఎంత దొంగ మీరు!"

"మీకు తెల్దు పాపా," జోగికి ఊపొచ్చింది. "డాకటేరు వేషమోడు కనురెప్ప ఎత్తి చూసినా దొరకదు! గుడ్డు పైకి తిప్పేసీది. తెల్లగా, సచ్చినోళ్ళ కన్నులాగ. నిజం డాకటేరొచ్చినా నమ్మీసీవోడు!"

అందరూ ఇంకా నవ్వుతున్నారు. తార నవ్వు మాత్రం మొహంమీద ఉన్నచోటే ఆగిపోయింది. చేతిలో టీకప్పు కింద పెట్టింది.

"పడవే చిలకమ్మా, ఒక్కసారి!" "మళ్ళీ ఎప్పుడు చూస్తాం!" "రేపు పెళ్ళిలో ఇదే ముచ్చట!"

"మోకాళ్ళు నొప్పులు బాబూ. ముసిల్దాన్ని, ఇరిగిపోతాను."

అప్పుడు తార నెమ్మదిగా అంది. "పడండి పిన్నీ. నేను చూస్తాను."

చిలకమ్మ పళ్ళెం దించింది. పందిరి మధ్యకి వచ్చింది. నడుస్తూ నడుస్తూ ఒక ఎత్తు వేసుకుంది. బస్తాలాగ పడాలి. రెండోసారి హాల్లో పడ్డట్టు, దబ్బున, నవ్వొచ్చేలాగ. ముసలితనం, పని మర్చిపోయాను, అనాలి. అప్పుడు ఆ పిల్లకి ఏ పోలికా దొరకదు, ఆ మొహంలో వెలుగు అక్కడే ఉంటుంది. అది ధర్మమా అధర్మమా అని ఆలోచించే వేళ కాదు. జోగి నోటితో సమాధి మూత కిర్రుమన్న చప్పుడు చేశాడు.

ఎడమచెయ్యి నుదుటికి పోయింది.

వద్దు వద్దనుకుంటూనే ఉంది. ఒళ్ళు సగం తిరిగింది. మోకాలు, తుంటి, భుజం. కొప్పు జారింది. చెప్పు ఎగిరి పందిరి గుంజకి తగిలింది. "ఓలమ్మో!" అన్న కేక కూడా అదే వచ్చింది. ఆమె ఒంటికి పడటం ఒక్క తీరుగానే తెలుసు, ఇంకోలా పడటం ఏనాడో మరిచిపోయింది.

పందిరి చప్పట్లతో దద్దరిల్లింది. "అంబులెన్సు! అంబులెన్సు!" అని జోగి గంతులు వేస్తున్నాడు. కళ్ళు మూసుకుని పడి ఉన్న చిలకమ్మకి ఆ గోల మధ్యన ఒక జత అడుగులు మాత్రం విడిగా వినిపించాయి. ఏటా మొక్కడానికి కూర్చున్నట్టే, పక్కన ఎవరో మోకాళ్ళమీద కూర్చున్నారు. మెడ కింద చెయ్యి రాలేదు. ముడుచుకోని వేళ్ళ పక్కనుంచి ఒక బొటనవేలు వచ్చి, ఆమె కనురెప్ప ఎత్తింది.

చిలకమ్మ గుడ్డు పైకి తిప్పలేదు. సూటిగా తారవైపు చూసింది.

తార మొహంలో కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది, అదీ రాలేదు. దీపం ఉన్న గదిలోంచి ఎవరో దీపం పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయినట్టు, ఆ మొహం అక్కడే ఉండి చీకటైంది. బొటనవేలు రెప్పని వదిలేసింది.

తార లేచింది. పందిరి గుంజదాకా నడిచి, ఎగిరిపడ్డ చెప్పు తీసుకొచ్చి, చిలకమ్మ కాలి దగ్గర, వేసుకోవడానికి వీలుగా, తిన్నగా పెట్టింది. కూర్మనాథానికి నమస్కారం చెప్పి, పెళ్ళికూతురి తల నిమిరి, బస్సుల వైపు వెళ్ళిపోయింది.

"మరోసారి! మరోసారి!" అంటున్నారు కుర్రాళ్ళు.

ఎవరైనా వచ్చి భుజాలూ కాళ్ళూ పట్టి లేపుతారని చిలకమ్మ కాసేపు చూసింది. అన్నేళ్ళూ పడటమే నేర్చుకుంది తప్ప, లేవడం ఆమె పని కాదు. జోగి చప్పట్లలో మునిగి ఉన్నాడు. చివరికి మోచేతిమీద ఆనుకుని, గుంజ పట్టుకుని, తనే లేచింది. కాలి దగ్గరున్న చెప్పు తొడుక్కోలేదు. అందులో కాలు పెట్టబుద్ధి కాలేదు. దాన్ని చేత్తో పట్టుకుని, ఒంటి చెప్పుతోనే, మెట్లెక్కి తన వాటాలోకి పోయింది.